ఆకాశంలో కనిపించింది ఎవరిది?

2022 డిసెంబర్ 7 ఉదయం హైదరాబాద్ చుట్టుపక్కల ఆకాశంలో తెల్లగా, గుండ్రంగా ఏదో మెరుస్తూ కనిపించింది. రెక్కలు లేవు, తోక లేదు, చప్పుడు లేదు. ఒకచోట నిలిచినట్టే ఉంది, కాసేపాగి చూస్తే జరిగినట్టూ ఉంది. ఆ రోజే వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలం మొగిలిగుండ్ల శివారు పొలాల్లో పెద్ద యంత్రం ఒకటి నేలకు దిగింది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు చేతిలో పని వదిలేసి చూడటానికి చేరారు. తర్వాత అసలు సంగతి తెలిసింది. అంతరిక్షపు అంచుల దాకా పర్యాటకులను తీసుకుపోవాలనుకుంటున్న ఒక స్పెయిన్ సంస్థ, మనుషులు లేని తన వాహనాన్ని పరీక్షించుకుంది. దాన్ని పైకి మోసుకుపోయింది హైదరాబాద్‌లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ నడిపే బెలూన్ కేంద్రం ఎగరేసిన బెలూన్.

అలాంటిది కంటపడినప్పుడు మామూలు మనిషి అడిగేది ‘అదేమిటి?’ అని. సైన్యం అడిగేది ‘అది ఎవరిది?’ అని. రెండూ ఒకేలా వినిపించినా వాటి దారులు వేరు. మొదటి ప్రశ్నకు జవాబు దొరికేదాకా కుతూహలం తీరదు. రెండోదానికి ‘శత్రువుది కాదు’ అని తేలితే చాలు, ఫైలు మూసేయవచ్చు. ముప్పావు శతాబ్దంగా ఎగిరే పళ్లేల మీద వివిధ దేశాల సైన్యాలు జరిపిన విచారణలు దాదాపు అన్నీ ఈ రెండో ప్రశ్న చుట్టూనే తిరిగాయి. జనం మాత్రం వాటి నుంచి మొదటి ప్రశ్నకు జవాబు ఆశించారు. పుకార్లు పుట్టి పెరిగింది ఆ సందులోనే.

ముందు ఆ బెలూన్‌నే కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే ఈ చరిత్రలో అది మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. ఈసీఐఎల్ ప్రాంతంలోని ఆ కేంద్రం దశాబ్దాలుగా శాస్త్ర పరికరాలను పైకి పంపుతోంది. పలచటి పాలిథిన్ పొరతో చేసిన బెలూన్‌లో హైడ్రోజన్ నింపి, రాత్రివేళో తెల్లవారుజామునో వదులుతారు. వ్యాసం 50 నుంచి 85 మీటర్ల దాకా ఉంటుంది. 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తున తేలుతుంది. ప్రయాణికుల విమానాలు తిరిగే ఎత్తుకు అది మూడు నాలుగు రెట్లు. పని ముగిశాక పరికరాలు రంగుల పారాచూట్లతో కిందికి వస్తాయి. గాలివాటున హైదరాబాద్‌కు రెండు మూడు వందల కిలోమీటర్ల దూరంలో పడినా పడవచ్చు. అందుకే ఎగరేసే కాలంలో ముందుగా ప్రకటన ఇస్తారు. అందులోని జిల్లాల జాబితాలో నల్గొండ, మహబూబ్‌నగర్ కూడా ఉంటాయి. చేలో ఇలాంటి పెట్టె కనిపిస్తే తెరవవద్దని, కొన్నింటిలో ప్రమాదకరమైన వోల్టేజీ ఉండవచ్చని, దగ్గరి పోలీస్ స్టేషన్‌కో తపాలా కార్యాలయానికో తెలియజేయమని కోరతారు. తెలియజేసినవారికి పారితోషికం కూడా ఇస్తారు. అయితే ఆ ప్రకటన పత్రికలో ఎక్కడో ఒక మూల పడుతుంది. బెలూన్ మాత్రం ఆకాశం నడిబొడ్డున కనిపిస్తుంది.

అది అంత వింతగా ఎందుకు కనిపిస్తుంది? 35 కిలోమీటర్ల ఎత్తున ఉన్న వస్తువుకు నేలమీద ఉన్నవారికంటే దాదాపు ఇరవై అయిదు నిమిషాల ముందే తెల్లవారుతుంది. కింద ఊరంతా చీకట్లో ఉండగా పైన ఆ పాలిథిన్ పొర మీద ఎండ పడుతుంది. చుట్టూ నల్లటి ఆకాశం, మధ్యలో తనంతట తానే వెలుగుతున్నట్టు ఒక ముద్ద. 50 మీటర్ల వెడల్పున్నది ఆ ఎత్తున చందమామలో ఆరో వంతుగా కనిపిస్తుంది. చుక్క అనుకోవడానికి పెద్దది, విమానం అనుకోవడానికి ఆకారం సరిపోదు. పైగా అంత ఎత్తున ఉన్నదాన్ని ఒకేసారి అనేక జిల్లాలవాళ్లు చూడగలరు. చూసిన ప్రతివారికీ అది తమ ఊరి గుట్ట మీదే ఉన్నట్టు అనిపిస్తుంది. ఖాళీ ఆకాశంలో దూరం తెలుసుకోవడానికి మన కంటికి ఆధారం ఏదీ ఉండదు. పరిమాణం తెలియకుండా దూరం తెలియదు, దూరం తెలియకుండా వేగం తెలియదు. చూసినవాళ్లు అబద్ధం చెప్పనక్కరలేకుండానే ఒక్కొక్కరి వర్ణన ఒక్కోలా మారిపోవడానికి ఇదే కారణం.

ఇలాంటి బెలూన్ వెంటే వెళ్లి ఒక సైనికుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. 1948 జనవరి 7న అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, గాడ్‌మన్ వైమానిక స్థావరం మీద తెల్లటి పెద్ద వస్తువు కనిపించింది. అటుగా వెళ్తున్న మస్టాంగ్ యుద్ధవిమానాల పైలట్లను అదేమిటో చూసి రమ్మన్నారు. కెప్టెన్ థామస్ మాంటెల్ దాన్ని తరుముతూ పైకి, ఇంకా పైకి వెళ్లాడు. అతని వద్ద ఆక్సిజన్ లేదు. మిగతావాళ్లు వెనక్కి తిరిగారు, అతను తిరగలేదు. పలచని గాలిలో స్పృహ తప్పి ఉంటాడు. విమానం ఫ్రాంక్లిన్ పట్టణం దగ్గర కూలిపోయింది. అతని వయసు 25.

వైమానిక దళం మొదట చెప్పిన కారణం శుక్రగ్రహం. పట్టపగలు శుక్రుడు అంత పెద్దగా, అంత తెల్లగా కనిపించడు కాబట్టి ఎవరూ నమ్మలేదు. అసలు కారణం స్కైహుక్ బెలూన్ అయి ఉంటుందన్న వివరణ తర్వాత వచ్చింది. స్కైహుక్ అమెరికా నావికాదళం అప్పుడప్పుడే మొదలుపెట్టిన పథకం, రహస్యం. మన ఆకాశంలో తేలే పరిశోధన బెలూన్ల లాగే అదీ పాలిథిన్ పొరతో చేసిన పెద్ద బెలూన్. మాంటెల్‌కు అలాంటిది ఒకటి ఉందనే తెలియదు. విచారణ చేసినవారికీ తెలియదు. ఒక దళం దాచిన వస్తువును ఇంకో దళం తరిమింది, మరో బృందం విచారించింది. సైనిక విచారణల బలహీనతను ఇంత స్పష్టంగా చూపే సంఘటన మరొకటి లేదనే చెప్పాలి.

అప్పటికి ఆ విచారణలు మొదలై ఎంతో కాలం కాలేదు. 1947 జూన్ 24న కెన్నెత్ ఆర్నాల్డ్ అనే వ్యాపారి తన చిన్న విమానంలో వెళ్తూ, వాషింగ్టన్ రాష్ట్రంలోని రైనియర్ పర్వతం దగ్గర వరుసగా ఎగురుతున్న తొమ్మిది వస్తువులను చూశానన్నాడు. నీటి మీద పళ్లెం విసిరితే ఎగిరెగిరి పడినట్టు కదిలాయని అతను చెప్పింది వాటి నడక గురించి. పత్రికలు దాన్ని ఆకారం చేశాయి, ‘ఎగిరే పళ్లేలు’ అన్న మాట పుట్టింది. కొద్ది రోజులకే న్యూమెక్సికోలోని రాస్‌వెల్ దగ్గర ఒక పశువుల క్షేత్రంలో తళతళలాడే శకలాలు దొరికాయి. అవి సోవియట్ అణుపరీక్షల ధ్వనిని పై వాతావరణంలో పట్టుకోవడానికి ఎగరేసిన మొగల్ పథకం బెలూన్లవని అమెరికా వైమానిక దళం 1994లో విప్పి చెప్పింది. అక్కడా బెలూనే, అక్కడా రహస్యమే. మధ్యలో గడిచిన 47 ఏళ్లలో ఆ ఊరి పేరు మీద ఎన్ని కథలు అల్లుకున్నాయో లెక్కలేదు. వివరణ నిజమే కావచ్చు, కానీ అర్ధశతాబ్దం ఆలస్యంగా వచ్చిన నిజాన్ని నమ్మించడం చాలా కష్టం.

1947 సెప్టెంబర్‌లో అమెరికా వైమానిక దళానికి చెందిన జనరల్ నాథన్ ట్వైనింగ్ ఒక లేఖ రాశాడు. జనం చెబుతున్నవి వట్టి భ్రమలు కావని, వాటిని పద్ధతిగా పరిశీలించాలని అందులో సూచించాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి రెండేళ్లే అయింది. జర్మన్ విమాన శాస్త్రవేత్తలు కొందరు సోవియట్ల చేతికి చిక్కారు. వాళ్లు కొత్తది ఏదైనా తయారు చేశారా అన్నదే అసలు భయం. అలా 1948లో ‘సైన్’ పథకం, మరుసటి ఏడాది ‘గ్రడ్జ్’, 1952లో ‘బ్లూ బుక్’ వచ్చాయి. ‘గుర్తు తెలియని ఎగిరే వస్తువు’ అన్న అర్థంలో యూఎఫ్ఓ అనే పొడి అక్షరాల మాటను వాడుకలోకి తెచ్చింది బ్లూ బుక్ తొలి అధిపతి కెప్టెన్ ఎడ్వర్డ్ రుప్పెల్ట్. ఆ మాటలో గ్రహాంతరవాసులు లేరు. గుర్తు తెలియలేదు అన్నంత వరకే దాని అర్థం.

1952 జూలైలో వరుసగా రెండు వారాంతాల్లో అమెరికా రాజధాని మీద రాడార్ తెరల నిండా చుక్కలు కనిపించాయి. యుద్ధవిమానాలను పంపారు. దేశమంతా గగ్గోలు. జూలై 29న జనరల్ జాన్ శాంఫర్డ్ విలేఖరుల ముందుకు వచ్చి, ఇది ఉష్ణోగ్రత తలకిందులు కావడం వల్ల కావచ్చన్నాడు. మాట వినడానికి ఎలా ఉన్నా, మన పల్లెల్లో ఇది ప్రతి చలికాలం కనిపించేదే. పొద్దున్నే పొయ్యిల పొగ పైకి పోకుండా ఇళ్ల కప్పుల మీద చాపలా పరుచుకుని ఉంటుంది. నేల దగ్గర చల్లగాలి, దాని మీద వెచ్చటి పొర మూతలా కూర్చోవడమే అందుకు కారణం. రాడార్ తరంగాలు ఆ మూత దగ్గర కిందికి వంగి, నేలమీద ఉన్న వాహనాలకూ కట్టడాలకూ తగిలి తిరిగి వస్తాయి. తెర మీద అవి ఆకాశంలో ఉన్నట్టే కనిపిస్తాయి. కంటికంటే యంత్రం నమ్మదగినదని అందరం అనుకుంటాం. యంత్రానికీ దాని భ్రమలు ఉంటాయి.

ఇక్కడి నుంచి విచారణ దారి తప్పింది. 1953 జనవరిలో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ సమకూర్చిన రాబర్ట్‌సన్ సంఘం కొన్ని రోజులు కూర్చుని, ఈ వస్తువుల వల్ల ముప్పేమీ లేదని, వాటి గురించి వచ్చిపడే కబుర్ల వల్లే ముప్పుందని తేల్చింది. నిజమైన దాడి జరిగిన రోజున ఈ కబుర్లు సమాచార వ్యవస్థను ఉక్కిరిబిక్కిరి చేస్తాయన్నది దాని ఆందోళన. కాబట్టి ప్రజల్లో ఈ విషయానికున్న ఆకర్షణను తగ్గించాలని సిఫారసు చేసింది. అదే ఏడాది వైమానిక దళం తెచ్చిన నిబంధన ప్రకారం, ఫలానాదని ఖాయంగా తేలిన వస్తువు వివరాలే బయటికి చెప్పాలి, తేలనివాటి గురించి మాట్లాడకూడదు. పరీక్షలో తప్పిన విద్యార్థుల పేర్లు దాచి, పాసైనవారి జాబితా మాత్రమే గోడకు అంటించినట్టు అయింది. సైనిక తర్కానికి అది సబబే కావచ్చు. ప్రజలకు మాత్రం దాచిపెడుతున్నారన్న అనుమానం అక్కడే గట్టిపడింది, ఆ అనుమానం పూర్తిగా నిరాధారం కూడా కాదు.

నిజంగానే దాస్తున్నారు. కాకపోతే దాస్తున్నది తమ సొంత విమానాలను. 1955 ఆగస్టులో యూ-2 గూఢచారి విమానం తొలిసారి ఎగిరింది. అప్పట్లో ప్రయాణికుల విమానాలు 10 వేల నుంచి 20 వేల అడుగుల ఎత్తున తిరుగుతుంటే, యూ-2 60 వేల అడుగులకు పైన వెళ్లేది. కింద సంజ చీకటి పడ్డాక కూడా దాని వెండిరంగు రెక్కలు ఎండకు మండుతున్నట్టు మెరిసేవి. పైలట్లు చూసి రాసి పంపేవారు. బ్లూ బుక్ అధికారులు సీఐఏను అడిగి అదేమిటో తెలుసుకునేవారు, చూసినవారికి మాత్రం చెప్పలేకపోయేవారు. 1950ల చివర, 60లలో వచ్చిన కబుర్లలో సగానికి పైగా ఇలాంటి రహస్య విమానాలవేనని సీఐఏ చరిత్రకారుడు ఒకరు 1997లో రాశారు. ఆ ‘సగం’ లెక్క మీద వాదాలున్నాయి, జరిగిన పద్ధతి మీద లేవు. సోవియట్ వైపూ ఇదే తంతు. 1977 సెప్టెంబర్ 20 తెల్లవారుజామున పెత్రజావోద్‌స్క్ పట్టణం మీద వెలుగు గొడుగులా విచ్చుకుంటే, అది ప్లెసెత్స్క్ నుంచి వదిలిన రాకెట్టని చెప్పడానికి వీలు లేకపోయింది. అక్కడ రాకెట్ కేంద్రం ఉందని ఒప్పుకుంటేగా!

బ్లూ బుక్ 1969 డిసెంబర్‌లో మూతపడింది. మొత్తం నమోదైనవి 12,618. వాటిలో 701 గుర్తు తేలనివి, అంటే నూటికి అయిదున్నర. మిగతావన్నీ గ్రహాలు, ఉల్కలు, బెలూన్లు, విమానాలు, పక్షులు, కొన్ని కొంటెపనులు. ఈ అంకెలను రెండు పక్షాలూ ఆయుధంగా వాడుకుంటాయి. తేలినవాటిని చూసి అంతా ఉత్తదే అనేవారు ఒకరు, తేలనివాటిని చూసి ఇదిగో సాక్ష్యం అనేవారు ఒకరు. ఆ పథకానికి సలహాదారుగా మొదటి నుంచీ పనిచేసిన ఖగోళ శాస్త్రవేత్త అలెన్ హైనెక్ ఈ అంకెలనే నమ్మలేదు. ‘విమానం కావచ్చు’ అని రాసింది లెక్కల్లోకి వచ్చేసరికి ‘విమానం’ అయిపోయేదని తర్వాత ఆయన విమర్శించాడు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. బాటెల్ అనే పరిశోధన సంస్థ 1950లలో మూడు వేలకు పైగా కేసులను గణాంక పద్ధతిలో పరిశీలిస్తే, సాక్ష్యం బలహీనంగా ఉన్నవాటిలో కంటే బలంగా ఉన్నవాటిలోనే తేలనివి ఎక్కువ శాతం ఉన్నట్టు బయటపడింది. సమాచారం చాలకే తేలడం లేదన్న ఒక్క మాటతో దీన్ని కొట్టిపారేయలేం. తేలనివి తేలనివిగానే మిగిలాయని ఒప్పుకోవడం నిజాయితీ. అవి ఫలానావి అని ఆ పైన ఒక్క అడుగు వేయాలన్నా ఆధారం కావాలి, ఆ ఆధారం ఎవరి చేతిలోనూ లేదు.

హైనెక్ స్వయంగా ఒకసారి ఇరుకున పడ్డాడు. 1966 మార్చిలో మిషిగన్ రాష్ట్రంలో చిత్తడి నేలల మీద వెలుగులు కనిపించాయని చాలామంది చెప్పారు. కుళ్లిన ఆకుల నుంచి వెలువడే వాయువు మండటం వల్ల కావచ్చని ఆయన అన్నాడు. మనకు ఇది కొత్త సంగతి కాదు. చెరువు గట్ల మీద, శ్మశానాల దగ్గర రాత్రిపూట వెలిగి ఆరిపోయే మంటకు కొరివి దయ్యం అన్న పేరు ఏనాటి నుంచో ఉంది. కానీ అక్కడివారు తమను వెర్రివాళ్లను చేశారని మండిపడ్డారు, సంగతి అమెరికా కాంగ్రెస్ (చట్టసభ) సభ్యుల దాకా వెళ్లింది. ఆ ఒత్తిడితోనే కొలరాడో విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ కాండన్ ఆధ్వర్యంలో అధ్యయనం జరిగింది, ఇరవై ఏళ్ల విచారణల వల్ల శాస్త్రానికి ఒరిగింది ఏమీ లేదని తేల్చింది. బ్లూ బుక్ మూసేస్తూ వైమానిక దళం చెప్పిన మూడు ముక్కల్లో మొదటిది, వీటివల్ల దేశ భద్రతకు ముప్పు కనిపించలేదన్నది. గ్రహాంతర వాహనాలనడానికి ఆధారం లేదన్నది చివరిది. ఆ వరుసలోనే వాళ్ల ప్రశ్న ఏమిటో తెలిసిపోతుంది. బ్రిటన్ రక్షణ శాఖ తన విభాగాన్ని 2009లో మూసేసినప్పుడు ఇచ్చిన కారణమూ అదే: యాభై ఏళ్లకు పైగా వచ్చిన ఏ కబురులోనూ ముప్పు జాడ లేదు.

మన సైన్యానికి ఈ అనుభవం లడఖ్‌లో ఎదురైంది. 2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి దాకా పాంగాంగ్ సరస్సు వైపు కాపలా కాస్తున్న జవాన్లు వెలుతురు ముద్దలను చూసినట్టు 329 సార్లు నమోదు చేశారు. వాటిలో 155 సార్లు అవి వాస్తవాధీన రేఖ దాటి వచ్చాయని రాసుకున్నారు. చైనా పంపిన డ్రోన్లు అన్నది అనుమానం. చీకటి, గడ్డకట్టే చలి, అవతల పొరుగు సైన్యం. అలాంటిచోట ఆకాశంలో కదిలే దీపం కనిపిస్తే అనుమానించకపోవడమే తప్పవుతుంది.

సైన్యం అక్కడ చేసిన మంచి పని, తన అనుమానాన్ని తనలోనే పెట్టుకోకుండా బయటివారిని పిలవడం. లడఖ్‌లోనే హాన్లేలో దూరదర్శిని నడుపుతున్న భారత ఖగోళ భౌతిక సంస్థ శాస్త్రవేత్తలు వెళ్లి పరిశీలించారు. ఒక వస్తువు సాయంత్రం ఆరు గంటల ప్రాంతంలో, ఇంకొకటి తెల్లవారుజామున నాలుగు గంటల ప్రాంతంలో కొండల మీదికి వస్తున్నాయి. అవి నేలకు సంబంధించినవా, ఆకాశానికి సంబంధించినవా అన్నది తేల్చడానికి చూడాల్సింది ఒకటే: నక్షత్రాలతో పాటు కదులుతున్నాయా లేదా. కదులుతున్నాయి. ఒకటి గురుగ్రహం, రెండోది శుక్రగ్రహం. 2012 డిసెంబర్ మొదట్లో గురుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉండి పొద్దు గుంకే వేళకు ఉదయించేవాడు. ఆగస్టు నుంచి శుక్రుడు వేకువజామున తూర్పున వెలిగేవాడు. నాలుగు వేల మీటర్లకు పైన గాలి పలచగా, పొడిగా ఉంటుంది. గ్రహాలు అక్కడ మైదానంలో కంటే చాలా ప్రకాశంగా కనిపిస్తాయి. చీకట్లో ఒంటరి వెలుగును రెప్పవేయకుండా చూస్తూ ఉంటే, అది నిశ్చలంగా ఉన్నా కదిలినట్టు అనిపించడం మనిషి కంటికి సహజం.

తెలుగు పల్లెల్లో ఒక తరం ముందు వరకూ వేగుచుక్క పొడిచిందంటే ఎద్దులకు కుడితి పెట్టే వేళ. గొల్లకావడి ఎంత వాలిందో, పిల్లలకోడి ఎక్కడికొచ్చిందో చూసి రాత్రి ఎంత గడిచిందో చెప్పేవారు ఊరికి పదిమంది ఉండేవారు. చేతిలో గడియారం, వీధిలో దీపం వచ్చాక ఆ చదువు పోయింది. జవాన్లను తప్పుపట్టడానికేమీ లేదు. శుక్రుణ్ణి రోజూ చూసే అలవాటు తప్పిన ఎవరైనా, దాన్ని ఒకనాడు హఠాత్తుగా చూస్తే ఉలిక్కిపడతారు. కానీ ఆ శాస్త్రవేత్తలను పిలవకపోయి ఉంటే? అదే 2013 ఏప్రిల్‌లో దెప్సాంగ్‌లో భారత, చైనా సైన్యాలు మూడు వారాల పాటు ఎదురెదురుగా గుడారాలు వేసుకుని నిలబడ్డాయి. అలాంటి రోజుల్లో 155 చొరబాట్ల లెక్క ఎంత బరువు తూగుతుందో ఊహించుకోవచ్చు.

ఇంఫాల్ సంగతి ఇంకోలా ముగిసింది. 2023 నవంబర్ 19న విమానాశ్రయం దగ్గర ఏదో ఎగురుతోందని గగనతలాన్ని సుమారు మూడు గంటలు మూసేశారు. గగన రక్షణ యంత్రాంగాన్ని రంగంలోకి దించామని, ఆ చిన్న వస్తువు తర్వాత కనిపించలేదని వైమానిక దళం తూర్పు విభాగం ప్రకటించింది. ముప్పు లేదని తేలింది, విమానాలు ఎగిరాయి. అదేమిటన్నది అక్కడే ఆగింది.

అమెరికాలో ఈ వ్యవహారం 2017 డిసెంబర్‌లో మళ్లీ రాజుకుంది. అక్కడి రక్షణ శాఖ పెంటగాన్ 2007 నుంచి 2012 దాకా 2 కోట్ల 20 లక్షల డాలర్లతో ఇలాంటి పరిశీలన నడిపిందని పత్రికల్లో వచ్చింది, నావికాదళ పైలట్లు తీసిన వీడియోలు బయటపడ్డాయి. వాటిలో ఒకదానిలో ఒక వస్తువు సముద్రం మీద రివ్వున దూసుకుపోతున్నట్టు ఉంటుంది. మిర్యాలగూడ వైపు వెళ్లే రైలు కిటికీలోంచి చూస్తే పట్టాల పక్క స్తంభాలు వెనక్కి పరుగెత్తుతాయి, దూరపు గుట్టలు నిలబడి ఉంటాయి. మధ్యలో ఉన్న చెట్టు ఆ గుట్టల మీదుగా జారిపోతున్నట్టు కనిపిస్తుంది. పరుగెత్తేది చెట్టు కాదు, రైలు. ఆ వీడియోలోనూ పరుగెత్తింది ఎక్కువగా విమానమే. తెర మీద ఉన్న కోణాలు, దూరాల అంకెలు పట్టుకుని నాసా నియమించిన నిపుణుల సంఘం 2023లో లెక్క కట్టింది. వస్తువు 13 వేల అడుగుల ఎత్తున, గంటకు దాదాపు 40 మైళ్ల వేగంతో ఉంది. గాలికి కొట్టుకుపోయే దేనికైనా ఆ వేగం ఉంటుంది. ఆ లెక్క సాధ్యమైంది అంకెలు తెర మీద ఉన్నాయి కాబట్టే.

2021 జూన్‌లో అమెరికా నిఘా విభాగం 144 కేసుల మీద నివేదిక ఇచ్చింది. నిశ్చయంగా తేలింది ఒక్కటే, అది గాలి తగ్గిపోతున్న పెద్ద బెలూన్. చూసినది చెబితే నవ్వుతారన్న భయం వల్ల పైలట్లు నోరు విప్పడం లేదని ఆ నివేదికే ఒప్పుకుంది. 2023 ఫిబ్రవరిలో అమెరికా మీదుగా వచ్చిన చైనా బెలూన్‌ను కూల్చాక, నెమ్మదిగా కదిలేవాటిని వడకట్టి పారేసే రాడార్ జల్లెడను సడలించారు. వెంటనే వరుసగా మూడు రోజుల్లో మూడు వస్తువులు దొరికాయి, వాటినీ కూల్చారు. ఆకాశంలో కొత్తగా ఏదో పెరిగిపోలేదు, జల్లెడ కన్నాలు మారాయి, అంతే. ఇందుకోసం పెంటగాన్‌లో 2022లో ఏర్పడిన ప్రత్యేక కార్యాలయం, సుమారు ఏడాది కాలంలో 757 కబుర్లు అందాయని 2024 నవంబర్‌లో చెప్పింది. వాటిలో లోతుగా చూడాల్సినవి 21. తేలినవి మళ్లీ అవే: బెలూన్లు, పక్షులు, డ్రోన్లు, వరుసగా దీపాల రైలులా సాగిపోయే స్టార్‌లింక్ ఉపగ్రహాలు.

ఈ మొత్తంలో ఫ్రాన్స్ పద్ధతి ఒక్కటే మనసుకు నచ్చుతుంది. 1977 నుంచీ ఆ పని అక్కడి అంతరిక్ష సంస్థలోని చిన్న విభాగం చూస్తోంది. చూసినవారు వెళ్లేది ఊళ్లోని జాందార్మెరీ ఠాణాకు. అది సైన్యంలో భాగమైన పోలీసు దళం. వాంగ్మూలం రాసుకునేది సైనికులు, విశ్లేషించేది శాస్త్రవేత్తలు. కేసును నాలుగు తరగతుల్లో ఒకదాంట్లో పెడతారు: కచ్చితంగా తేలింది, దాదాపు తేలింది, సమాచారం చాలదు, సమాచారం ఉన్నా తేలలేదు. చివరి తరగతిలో మిగిలేవి మూడు శాతం ప్రాంతంలో ఉంటాయి. 2007 నుంచి ఆ దస్త్రాలను అందరూ చూసుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టారు. ‘ఎవరిది’ అన్న ప్రశ్న సైన్యానికి, ‘ఏమిటి’ అన్న ప్రశ్న శాస్త్రానికి పంచి ఇచ్చారు. తేలనిదాన్ని తేలలేదని చెప్పడానికి అక్కడ ఎవరూ సిగ్గుపడరు.

దక్షిణ తెలంగాణలో ఇందుకు కావాల్సినవన్నీ చేతికందే దూరంలోనే ఉన్నాయి. బెలూన్లు ఎగరేసే కేంద్రం హైదరాబాద్‌లో ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 48 అంగుళాల దూరదర్శినిని నెలకొల్పిన జపాల్-రంగాపూర్ వేధశాల రంగారెడ్డి జిల్లాలో ఉంది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచి పరిశీలించారు. పెట్టె దొరికితే చెప్పమని ప్రకటనలో రాసిన పోలీస్ స్టేషన్ ప్రతి మండలంలోనూ ఉంది. వచ్చి చెప్పినవారిని తాగి వచ్చావా అని అడగకుండా, స్టేషన్ డైరీలో నాలుగు విషయాలు రాసుకుంటే చాలు: గంట నిమిషాలతో సమయం, ఏ దిక్కు, ఎంత ఎత్తు, ఎంతసేపు. ఎత్తు అంటే అడుగులు కాదు. చేయి బారచాపి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు దాదాపు పది డిగ్రీలు. నేల అంచు నుంచి ఎన్ని పిడికిళ్ల పైన ఉందో చెబితే అదే కొలత. వరుసగా రెండు మూడు రోజులు కనిపిస్తే, రోజుకు నాలుగు నిమిషాల చొప్పున ముందుగా వస్తోందేమో చూడాలి. అలా వస్తుంటే అది నక్షత్రమో, నింపాదిగా నడిచే గ్రహమో.

ఇద్దరు చూస్తే ఇంకా మేలు. నల్గొండకూ మహబూబ్‌నగర్‌కూ మధ్య నేరుగా సుమారు 140 కిలోమీటర్లు. ఒకే నిమిషంలో నల్గొండలో ఉన్నవారు పడమటి దిక్కున, మహబూబ్‌నగర్‌లో ఉన్నవారు తూర్పు దిక్కున, ఇద్దరూ రెండున్నర పిడికిళ్లకు కాస్త పైన ఒక తెల్లటి ముద్దను చూశారనుకుందాం. అది ఆ రెండు పట్టణాలకూ నడుమ, ఆమనగల్లు, మాడ్గుల ప్రాంతం మీద, 35 కిలోమీటర్ల ఎత్తున ఉన్నట్టు. ఆ ఎత్తున విమానం తిరగదు, బెలూనే తేలాలి. ఇద్దరికీ ఒక పిడికిలి కూడా లేకపోతే అది విమానాలు తిరిగే ఎత్తు. ఒకరికి నడినెత్తిన కనిపించి రెండోవారికి ఏమీ కనిపించకపోతే, అది ఆ ఒక్క ఊరి మీద తక్కువ ఎత్తున తిరుగుతున్నది, డ్రోన్ లాంటిదేదో. విడివిడిగా రెండు స్టేషన్ల డైరీల్లో ఉన్నంతకాలం ఆ రెండు వాక్యాలూ ఏమీ చెప్పవు. రెండూ ఒకే బల్ల మీదికి వచ్చిన రోజున ఎత్తు తెలుస్తుంది.